అయిదింట నాలుగు వంతుల పెద్దమనిషి

ముందే ఒప్పుకుంటాను. కాలము, దూరము లెక్కలు తొమ్మిదేళ్ళపాటు ఎనిమిదో తరగతికి నేర్పినవాణ్ణి నేను. ఫలానా రైలుబండి ఫలానా వంతెనను ఇన్ని సెకన్లలో దాటితే దాని వేగమెంతో నల్లబల్ల మీద కళ్ళు మూసుకుని చెయ్యగలిగేవాణ్ణి. నా చేతికి సెకన్ల ముల్లున్న గడియారం ఉండేది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళూ ఉండేవి. అయినా రెండేళ్ళపాటు ఒక కారు ముందుసీట్లో కూర్చుని, అది ఎంత వేగంగా పోతోందో తెలుసుకోవడానికి ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు చూశానే తప్ప, ఒక్కసారైనా నా మణికట్టు వంక గానీ రోడ్డు వంక గానీ చూడలేదు. మా తరగతిలో వెనక బెంచీ వాడెవడైనా ఈ పని చేసుంటే గోడకుర్చీ వేయించేవాణ్ణి.

ఆ మూర్ఖత్వం నా ఒక్కడితో పోయి ఉంటే ఇప్పుడు కాగితం మీద పెట్టేవాణ్ణి కాను. అది ఇంకొకడి బతుకు మీదికి వచ్చింది.

ఆ కారుగలాయన మొన్న పోయారు. పేపర్లో ఉత్తరీయంతో ఉన్న బొమ్మ వేసి, అయిదు వేలమంది విద్యార్థులకు విద్యాదానం చేసిన మహనీయుడని రాశారు. నేను చదువుతూనే నాలుగు వేలు అనుకున్నాను. దురుద్దేశమేమీ లేదు, పాత అలవాటు. ఆయన నోటివెంట ఏ అంకె వచ్చినా దాన్ని అయిదు భాగాలు చేసి ఒక భాగం అవతల పారేస్తే నిజం మిగిలేది. ఆయన యాభై ఎకరాలు నలభై. మా బడిలో ఆయన చెప్పే అయిదువందలమంది పిల్లలు హాజరుపట్టీలో నాలుగువందలు. ఎక్కడా తేడా రాదు. అంత కచ్చితంగా అబద్ధమాడగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన రేపల్లెలో మేం పనిచేసే ప్రైవేటు హైస్కూలుకి కరస్పాండెంటు. అంటే మేష్టర్లను వేసేదీ తీసేదీ ఆయన సంతకమే. కాపురం తెనాలి, అత్తవారిది బాపట్ల. శనివారం మధ్యాహ్నం కార్లో బడికి వచ్చి, ఆఫీసు గదిలో ఒక గంటసేపు ఎవరినో ఒకరిని కేకలేసి, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళి, అక్కణ్ణించి తెనాలి చేరేవారు. నాదీ తెనాలే. వారమంతా పాసింజరు రైల్లో వేలాడుతూ వచ్చేవాణ్ణి, శనివారం మాత్రం కార్లో రమ్మని ఆజ్ఞ. అది దయ అనుకున్నాను. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు గనక ఆయన ఏం చేసినా నాకు దయలాగే కనిపించేది.

తరవాత అర్థమైంది, ఆయనకు కావలసింది సాక్షి. డ్రైవరు పక్కన నన్ను కూర్చోబెట్టి, తాను వెనకసీట్లోంచి మా ఇద్దరి భుజాల మధ్యకి తల దూర్చేవారు. మొహమంతా మీటరు మీదే. కాలవలో పడవ పోతున్నా, చేలల్లో కొంగలు లేస్తున్నా ఆయనకు పట్టదు. ఉంగరం వేలితో మీటరు అద్దం మీద టకటక కొట్టి, "ఎంతండీ మేష్టారూ?" అనేవారు.

"డెబ్బై అండీ."

"సరిగ్గా చూడండి. లెక్కల మేష్టారు మీరు."

"డెబ్బై రెండండి."

"అదీ. ఎక్కించరా కోటయ్యా."

తొంభై దాటాక ఆయన ఊపిరి తీసుకోవడం మానేసేవారు. ముల్లు వంద తాకిందంటే వెనక్కి వాలి, జేబురుమాలు తీసి మొహం తుడుచుకునేవారు, తానే పరిగెత్తినట్టు. మర్నాటి నుంచీ తెనాలి క్లబ్బులో, బాపట్ల అత్తవారి వసారాలో, మా స్టాఫ్ రూములో ఒకటే పాట. "నిన్న వంద కొట్టాం. కావాలంటే మా లెక్కలాయన్ని అడగండి." నన్ను అడిగేవారు. నేను అవునండీ అనేవాణ్ణి. కారు లోపలా బయటా దుమ్ము కొట్టుకుని ఉండేది, ఆ మీటరు అద్దం మాత్రం రోజూ తుడిపించేవారు. ఆయన చేతికి బంగారు పట్టీ గడియారం ఒకటి ఉండేది. దాన్ని ఆయన టైము చూడ్డానికి వాడగా నేను చూడలేదు. చూసుంటే, వందలో వచ్చామని ఆయన చెప్పే ప్రయాణానికి అంతసేపు ఎందుకు పట్టిందో తెలిసిపోయేది. ఎవరైనా ఆ మాట అడిగితే, "మధ్యలో లెవెల్ క్రాసింగ్ వేశారండి" అనేవారు. ఆ రైలుగేటు ఎన్నిసార్లు పడాల్సి వచ్చిందో దానికే తెలియాలి.

కారున్నవారందరూ పెద్దమనుషులు కారు అని మా తెలుగు పండితులు గొంతు తగ్గించి అంటూండేవారు. అదీ తన ఉద్యోగం పర్మనెంటయ్యాకే మొదలుపెట్టారు.

డ్రైవరు కోటయ్య నిజాంపట్నం వైపు వాడు. వాళ్ళది పడవల మీద బతికిన కుటుంబం. అన్నలింకా సముద్రం మీదికి వెళ్ళేవారు. వీడు మొదట లాంచీ ఇంజను దగ్గర చేరి, అక్కణ్ణించి లారీకి, లారీ నుంచి ఈ కారుకి వచ్చాడు. సన్నటి మనిషి. నడుపుతున్నంతసేపూ పెదాలు కదులుతూ ఉండేవి. ఏ దేవుడి జపమో అనుకుని నేను గౌరవించేవాణ్ణి. అయ్యగారు 'ఎక్కించరా' అంటే ఎక్కించేవాడు, ఊరు దగ్గర పడిందంటే ఆయన అరిచి గీపెట్టినా దించేసేవాడు.

"ఏంట్రా ఈ యాభై? దిగి నడవమంటావా?"

"ఊరొచ్చిందండి."

"ఊరొస్తే? మనకి ఎదురొచ్చి దణ్ణం పెడుద్దా?"

"పిల్లా జెల్లా ఉంటారండి" అని అక్కడే పట్టేవాడు. అంతకన్నా మాట్లాడేవాడు కాదు.

ఒక శనివారం, కోతలై కుప్పలు వేస్తున్న రోజుల్లో, చెరుకుపల్లి దాటాక ఒక పల్లె మొదట్లో ఆ సంగతి జరిగింది. అక్కడ రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్లు మించరాదని బోర్డు ఉండేది. రైతులు సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసుకున్నారు. పొలంలోంచి వచ్చే పుంతదారి మలుపులో గడ్డిబండి ఒకటి ఎటూ చూడకుండా రోడ్డెక్కింది. కోటయ్య బ్రేకు తొక్కాడు. వడ్ల మీద చక్రాలు జారాయి. కారు పక్కకి తిరిగి బండి కాడికి తగిలింది. బండి తోలే అతను కిందపడి భుజం ఎముక విరిగింది. ఎద్దు ఒకటి లేవలేదు.

ఎస్సై గారు సాయంత్రానికి వచ్చారు. మా కరస్పాండెంటు గారు కారు దిగి అప్పటికి రెండుసార్లు ఉత్తరీయం సర్దుకున్నారు. ఎస్సై గారు అడక్కముందే, "నేను వెనక కునుకు తీస్తున్నానండి. ముందున్నది మా లెక్కల మేష్టారు. ఆయన్ని అడగండి, నిక్కచ్చి మనిషి" అన్నారు. కునుకు తీస్తున్న మనిషి తల, కారు బండికి తగిలేదాకా నా భుజం మీదే ఉంది. 'ఏంట్రా ఈ యాభై' అన్న కేక నా చెవిలో ఇంకా గింగురుమంటోంది.

"ఎంత స్పీడులో ఉందండి మేష్టారూ?" అన్నారు ఎస్సై గారు.

నేను అబద్ధం చెప్పలేదు. అదే నా అవమానం. "యాభై అండీ" అన్నాను. అక్కడితో ఊరుకుంటే నేను మేష్టర్ని ఎలా అవుతాను? "బోర్డు దగ్గర నుంచీ ముల్లు యాభై మీద మేకు కొట్టినట్టు ఉంది. అటూ ఇటూ కదల్లేదు" అని కూడా అన్నాను.

కోటయ్య నా వంక చూశాడు. "ముల్లు యాభయ్యేనండి, బండి నలభయ్యేనండి. ఆ ముల్లు ఎక్కువ చూపెడుద్దండి" అన్నాడు ఎస్సై గారితో.

ఎస్సై గారు నవ్వారు. "లెక్కల మేష్టారు ఒకటి చెబితే నువ్వు ఇంకోటి చెప్తావా?" అని కరస్పాండెంటు గారి వైపు తిరిగారు. "ఏమండీ, మీటరు సరైందేనా?"

"నా మీటరా? నిక్కచ్చి" అన్నారు ఆయన, మీసం దువ్వుకుంటూ. "వీడికి నేను రోజూ చెప్తూనే ఉంటానండి, నెమ్మదిగా పోరా అని."

నేను నోరు తెరిచాను. ఆయన నావైపు ఒక్కసారి చూశారు. తెరిచిన నోటిని ఆవులింత కింద మార్చేసుకున్నాను. నేను చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. నా సంతకం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. కోటయ్య లైసెన్సు ఎస్సై గారి జేబులోకి, కోటయ్య ఉద్యోగం గాలిలోకి పోయాయి. అదే రోడ్డు మీద, ఆ గడ్డి పక్కన నిలబెట్టి, ఇక రానక్కర్లేదని చెప్పారు. కేసులో నేరం రుజువైతే లైసెన్సు తిరిగి రాదు. లైసెన్సు లేకపోతే డ్రైవరుకి చేతులు రెండూ ఉన్నా లేనట్టే.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కోటయ్య తెనాలిలో మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"తిట్టడానికి రాలేదు మేష్టారూ. మీరు చూసింది మీరు చెప్పారు."

"నిజమే గదా కోటయ్యా" అన్నాను, ధైర్యం తెచ్చుకుని.

"నిజమేనండి. మీరు ముల్లుని చూశారు. నేను రోడ్డుని చూశా. ఆ ముల్లు యాభై చూపెడితే బండి నలభైలో ఉంటది. అందుకే బోర్డు కాణ్ణించి యాభై మీద మేకు కొట్టినట్టు పట్టా. నేను మంచికి చేసిన పనే మీరు నాకు నేరంగా చెప్పారు."

"నీకెలా తెలుసు?"

"రాయికీ రాయికీ మజ్జ లెక్కెట్టుకుంటానండి. మా ఇళ్ళల్లో చిన్నప్పుడే నేర్పుతారు. సముద్రంలో రాళ్ళు పాతరు గదా, లెక్క తప్పితే ఒడ్డు తప్పినట్టే. ముల్లు యాభైలో ఉంటే డెబ్బై రెండు లెక్కెట్టేసరికి రాయి రావాలంట గదా? మా చెల్లెలి మొగుడు చదువుకున్నాడు, చెప్పాడు. నాకు తొంభైకి గాని రాదండి. ఎప్పుడు చూసినా తొంభయ్యే."

నేను కుర్చీలోంచి లేచాను. మూడువేల ఆరువందల సెకన్లను యాభై పెట్టి భాగిస్తే డెబ్బై రెండు. తొంభై పెట్టి భాగిస్తే నలభై. ఇది చెయ్యడానికి నాకు రెండేళ్ళ ముందుసీటూ, ఒక ఎద్దు ప్రాణమూ కావలసి వచ్చాయి. ఆ పెదాల కదలిక జపం కాదన్నమాట.

"మీ చేతికి గడియారం ఉంది గదండీ" అన్నాడు లేస్తూ. "మీరే చూసుకోండి ఒకసారి. మీరు చెబితే ఇంటారు. నా మాట ఎవరింటారు?"

పై శనివారం డ్రైవరు లేడు గనక కరస్పాండెంటు గారే నడిపారు. ఆయన్ని ఒకే వేగం మీద ఉంచడం ఎలా? ఆ పూట నా జీవితంలో మొదటిసారి ముఖస్తుతి చేశాను. మొదటిసారి అంటే తెలిసి చెయ్యడం మొదటిసారి.

"వంద ఎవరైనా కొడతారండి. యాభై మీద ముల్లుని కదలకుండా నిలబెట్టడం మహా కష్టమంటారు."

"ఎవరంటారు?" అని ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు. "చూడండి మేష్టారూ, చూస్తూ ఉండండి."

చూశాను, ఈసారి మణికట్టు. ఒక్క రాయిని నమ్మకూడదు. కాంట్రాక్టరు దయవల్ల ఒకటి అటూ ఒకటి ఇటూ పాతి ఉంటాయి. అందుకని పది రాళ్ళు తీసుకున్నాను. ముల్లు చూపిందే నిజమైతే పది కిలోమీటర్లకి పన్నెండు నిమిషాలు పట్టాలి. పదిహేను పట్టింది. ముల్లు కింద తిరిగే అంకెల పట్టీ కూడా చూశాను. రోడ్డు మీద పది రాళ్ళు దాటితే అది పన్నెండున్నర దాటానంది. తెనాలి చేరాక టైర్లు కూడా చూశాను. కాస్త అరిగాయి గానీ ఇంత తేడాకి అవి చాలవు.

ఆ సాయంత్రమే ఆయన కారు చూసే మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. అతను చేతులు గోనెగుడ్డకి తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏ మీటరూ రోడ్డుని చూడదండి మేష్టారూ. లోపల ఒక తీగ ఉంటది, చక్రంతో పాటు తిరుగుద్ది. ఇన్ని చుట్లకి ఇంత దూరమని కంపెనీవాడు అనుకున్న లెక్క. టైరు అరిగితే చుట్టు చిన్నదైపోద్ది, చుట్లు ఎక్కువ పడతాయి, ముల్లు లేస్తది. గాలి తగ్గినా అంతే. అసలు కొత్త బండికే కాస్త ఎక్కువ చూపేట్టు చేస్తారు. తక్కువ చూపితే ప్రమాదం గదా."

"కాస్త కాదయ్యా, పావు ఎక్కువ చూపుతోంది."

"ఆ కారుకి పావే. కారు కొత్తలోనే దానిది పోతే, మూడేళ్ళ కిందట వేరే రకం బండి మీటరు అంకెలు సున్నాకి తిప్పి బిగించానండి. దీని చుట్లు వేరు, దాని లెక్క వేరు. ఆ రోజే చెప్పా అయ్యగారికి, వందంటే ఎనభై అనుకోండి, సరైంది దొరికాక మారుస్తానని. రెండు నెలలకి దొరికింది. వద్దన్నారు."

"ఎందుకు?"

"ఇదే చూడ్డానికి బాగుందన్నారు."

అంటే ఆయనకు తెలుసు. రోడ్డు మీద ఎస్సై ఎదుట 'నిక్కచ్చి' అన్నప్పుడూ తెలుసు. అప్పటిదాకా నేను ఆయన్ని డాబుసరి మనిషి అనుకున్నాను, డాబులో కాస్త వినోదం ఉంటుంది గనక భరించాను. ఆ రాత్రి నుంచీ ఆ సౌకర్యం పోయింది. క్లబ్బులో చెప్పుకునే వంద ఎనభై కాకుండా ఉండడానికి ఒక మనిషి చేతుల్ని తీసుకున్నారాయన. అంత చవక గొప్పకి అంత ఖరీదు ఇంకొకడి చేత కట్టించడమంటే, దాన్ని ద్వేషించడానికి కూడా చిన్నతనంగా ఉంటుంది.

సోమవారం ఆఫీసు గదిలో చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఉంగరం వేలితో బల్ల మీద టకటక కొట్టారు.

"రాళ్ళు లెక్కపెట్టారా? బడి లేని వేళ బాగానే పొద్దుపోతోంది మీకు."

"కోటయ్య తప్పు లేదండి. మీరు ఒక్క మాట ఎస్సై గారికి చెబితే..."

"నా మీటరు నిక్కచ్చి మేష్టారూ. ఇంకెక్కడన్నా వేరేగా చెప్పానంటే నేను అబద్ధాలకోరునవుతాను." బల్ల సొరుగు సగం లాగి, "మీ పర్మనెంటు కాయితాలు ఈ నెలలో చూద్దామనుకుంటున్నా" అన్నారు.

అయినా వెళ్ళాను. ఇదేదో వీరత్వమని చెప్పడం లేదు. ఎస్సై గారు ఊళ్ళో లేని పూట చూసుకుని రెండుసార్లు వెళ్ళి, మూడోసారి దొరికిపోయాను. ఆయన మర్యాదగానే విన్నారు. సంతకం పెట్టి ఇచ్చిన మాట మారిస్తే ఎవరూ నమ్మరన్నారు. కారు తెప్పిస్తే కొలిపిస్తానన్నారు. కారు ఇవ్వనని కరస్పాండెంటు గారు కబురంపారు. మెకానిక్కుని సాక్ష్యం రమ్మంటే, "పిల్లలుగలవాణ్ణండి" అన్నాడు. కేసు రేపల్లె కోర్టులో వాయిదా పడి ఉంది. కోటయ్య తరఫున ఒక కుర్ర ప్లీడరు ఉన్నాడు. "కాగితం కావాలండి మేష్టారూ. కారుగలాయన చేతి సంతకంతో కాగితం. అది తప్ప ఇంకేదీ నిలబడదు" అన్నాడు. ఆయన చేత అలాంటి కాగితం మీద సంతకం పెట్టించగల మనిషి ఈ మూడు ఊళ్ళలోనూ లేడనుకున్నాను. ఒకరున్నారని, అది ఆయనేనని నాకు తట్టలేదు.

ఆయనకు కొత్త కారు వచ్చింది. పాతది అమ్మాలనుకున్నారు. కొనడానికి బాపట్ల నుంచి ఒక డాక్టరు గారు ఆదివారం తెనాలి వచ్చారు. అమ్మకం కాగితం రాయడానికి నన్ను పిలిపించారు. మా ప్రాంతంలో పెళ్ళి శుభలేఖ దగ్గర్నుంచి పొలం కౌలుచీటీ దాకా బడిపంతులే రాయాలి. వసారాలో బల్ల వేసి, తెల్లకాగితాలూ కార్బనూ పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు గారు నెమ్మదస్థుడు. కారు చుట్టూ తిరిగి, రోగి నాలుక చూసినట్టు తలుపు తెరిచి లోపల చూశారు. వచ్చి కూర్చుని అన్నారు.

"బండి బాగానే ఉందండి. కానీ లక్ష కిలోమీటర్లు తిరిగింది. లక్ష తిరిగిన ఇంజను నాకెందుకు? డెబ్బై, ఎనభై అయితే ఆలోచించేవాణ్ణి."

నేను పెన్ను మూత తీస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఆ అంకెల పట్టీ కూడా ఆ మీటరులోదే. అదీ పావు ఎక్కువే తిరిగింది. ఈయన చెప్పుకున్న ప్రతి వందకీ, ఆ పట్టీ ఈయన కారుని అంతకంత ముసలిది చేసింది. ఆ సంగతి ఆయన మొహంలో కూడా ఆ క్షణానే తెల్లవారింది.

"అబ్బే, అంత తిరగలేదండి" అన్నారు.

"లక్ష అని ఉంది గదండీ."

ఆయన నావైపు తిరిగారు. "మేష్టారూ, ఆ రాళ్ళ లెక్క ఏదో చెప్పారే మీరు. అది డాక్టరు గారికి చెప్పండి."

"నాకు సరిగ్గా గుర్తులేదండి. పైగా మీటరు నిక్కచ్చని మీరన్నారు" అన్నాను. నా గొంతు అంత మెత్తగా ఎప్పుడూ లేదు.

వసారాలో క్లబ్బు మిత్రులు ఇద్దరున్నారు. ఆయన వాళ్ళ వంక చూశారు, డాక్టరు గారి వంక చూశారు. డాక్టరు గారు కండువా తీసి భుజాన వేసుకుని లేవబోయారు. గొప్పా బేరమూ రెండూ ఒకేసారి గొంతుకడ్డం పడ్డ మనిషిని నేను చూడడం అదే మొదలు. చివరికి బేరం నెగ్గింది.

"ఈ మీటరు పావు ఎక్కువ తిరుగుద్దండి. నూరంటే ఎనభై. మూడేళ్ళ కిందట బిగించిన రోజే మెకానిక్కు చెప్పాడు నాకు" అన్నారు, గోడ కేసి చూస్తూ.

క్లబ్బు మిత్రుల్లో ఒకాయన దగ్గాడు.

"నోటిమాట ఎందుకండి? మీరు చెప్పినంత మాటా కాగితం మీద వెయ్యండి" అన్నారు డాక్టరు గారు.

"రాయండి మేష్టారూ" అన్నారు కరస్పాండెంటు గారు.

రాశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. ఈ కారునకు మూడేండ్ల క్రిందట ఫలానా నెలలో బిగించిన మీటరు, బిగించినది మొదలు నేటి వరకు, వేగమును దూరమును కూడ అసలుకన్న పావువంతు ఎక్కువ చూపుచున్నదనియు, ముల్లు నూరు చూపినపుడు కారు ఎనభై మాత్రమే పోవుననియు, ఈ సంగతి బిగించిన దినముననే నాకు తెలియుననియు ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. 'యాభై చూపినపుడు నలభై' అన్నది కూడా ఒక ఉదాహరణగా చేర్చాను. పిల్లలకు ఉదాహరణ లేకుండా ఏ సూత్రమూ చెప్పకూడదు గదా.

"ఇంత పొడుగెందుకండీ?" అన్నారాయన.

"డాక్టరు గారికి అనుమానం ఉండకూడదని" అన్నాను. డాక్టరు గారు బాగుందని తలూపారు. కరస్పాండెంటు గారు సంతకం పెట్టారు. కింద కార్బను ఉంది గనక గట్టిగా నొక్కి పెట్టమన్నాను. నొక్కే పెట్టారు. పై ప్రతి డాక్టరు గారికి ఇచ్చాను. రెండో ప్రతి బల్ల మీదే వదిలేస్తే నేను మేష్టర్ని ఎలా అవుతాను? మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, దారిలో సోడా కూడా తాగకుండా స్టేషనుకి వెళ్ళి, కుర్ర ప్లీడరు చేతిలో పెట్టడానికి రేపల్లె పాసింజరు ఎక్కాను.

కోర్టులో ఆయన్ని పిలిచారు. ఆయన కొత్త ఉత్తరీయం వేసుకుని బోనెక్కారు. కుర్ర ప్లీడరు కాగితం చేతికిచ్చి, సంతకం మీదేనా అన్నాడు. చూసి నాదేనన్నారు. ఆ గొంతు అయిదింట ఒక వంతు కూడా లేదు.

"అయితే ప్రమాదం రోజున మీ ముల్లు యాభై చూపితే కారు ఎంతలో ఉన్నట్టండి?"

ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు పైకి నెట్టి, "చెప్పండి, కాగితం మీద మీరే రాశారుగా" అన్నారు.

"నలభై" అన్నారు.

"గట్టిగా చెప్పండి. గుమాస్తాకి వినపడలేదు."

"నలభై అండీ."

కోటయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతవరకూ కదులుతున్న అతని పెదాలు అప్పుడు ఆగాయి. నేను సాక్షుల బెంచీ మీంచి లేచి, వినయంగా, గుమాస్తా గారికి మాత్రమే వినపడేట్టు, ముల్లు నూరు చూపితే ఎంతన్నది కూడా ఆయన నోటితోనే రాయించుకుంటే రికార్డు సంపూర్ణంగా ఉంటుందేమోనన్నాను. కేసుకి దాంతో పని లేదు, కోటయ్య లైసెన్సు తిరిగి రావడానికి ఆ నలభయ్యే చాలు. గుమాస్తా గారు ఆ సంగతి మేజిస్ట్రేటు గారికి విన్నవించారు. వెనక బెంచీల మీద, పొద్దున్నే తెనాలి నుంచి నేను పనిగట్టుకుని వెంటబెట్టుకొచ్చిన క్లబ్బు మిత్రులు నలుగురూ ముందుకు వంగారు.